ఎవరి చెత్త? ఎవరి చేతులు?

చెత్తకు కులం ఉంటుందా అని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లే. స్టాఫ్ రూంలో నా పక్కన కూర్చొని ఒకే ఫ్లాస్కులో చాయ తాగేవాళ్లే. "అన్నిటికీ కులం అంటగడతరేంది మేడం, చెత్త చెత్తే గదా" అంటరు. అరటితొక్కకు కులం లేదు, ఒప్పుకుంటాను. చిరిగిన కాగితానికీ లేదు. అది కింద పడ్డ నిమిషం నుంచి దాన్ని ఎత్తే చేతికి మాత్రం ఉంది. పారేసే చెయ్యి ఏ కులానిదైనా కావచ్చు. ఎత్తే చెయ్యి ఎవరిదో చూడకుండానే చెప్పొచ్చు. మీరు చదివే కాలేజీలో పొద్దున ఆరు గంటలకు చీపిరి పట్టుకొని కనిపించే మనిషిని ఏ వాడ నుంచి వస్తున్నవని అడిగి చూడండి. జవాబు మీకు ముందే తెలుసు. తెలిసీ అడగకపోవడాన్నే మనం మర్యాద అంటున్నాం.

మేం మాదిగలం. మా అవ్వ ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేండ్లు ఊకింది. మొదట పార్ట్ టైం స్వీపర్ అన్నరు. తర్వాత కాంట్రాక్ట్ అన్నరు. ఆ తర్వాత ఏజెన్సీ అన్నరు. పేరు మారింది గని చీపిరి మారలేదు. జీతం నెలనెలా చేతికొచ్చిందీ లేదు. ఆ చీపిరి పైసలతోనే నేను చదువుకున్నాను. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తున్నాను. అందుకే క్యాంపస్ శుభ్రత మీద ఎవరు ఉపన్యాసమిచ్చినా నా చెవులు రెండు రకాలుగా వింటాయి. ఒక చెవి టీచర్‌ది, ఒక చెవి స్వీపర్ బిడ్డది. ఆ రెండు చెవుల నడుమ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. శుభ్రత అందరి బాధ్యత అంటున్నారు గదా, తరతరాలుగా ఆ బాధ్యతను ఒంటరిగా మోసినవాళ్ల పిల్లల చేతికి మళ్లా చీపిరి ఇవ్వడం న్యాయమేనా? ఇవ్వకపోతే, ఎవరి చెత్త వాళ్లు చూసుకోవాలనే ధర్మం నుంచి ఆ పిల్లలకు మినహాయింపు ఇచ్చినట్టేనా?

దీనికి జవాబు పుస్తకాల్లో వెతకకముందు మా ఊరి పెంటకుప్ప దగ్గరికి పోవాలె.

మా ఊరు జనగామ దిక్కు. నా చిన్నప్పుడు ఊళ్లె చెత్త అనే మాట తక్కువ వినపడేది. పెంట అనేటోళ్లు. పశువుల పేడ, కొట్టంల ఊకిన గడ్డి, పొయ్యిల బూడిద, కూరగాయల తొక్కలు అన్నీ పెంటకుప్పల పడేవి. ఎండకాలం రాంగనే కుప్ప తవ్వి, బండ్లకెత్తి పొలాలకు తోలేటోళ్లు. తవ్వింది మావాళ్లు, ఎత్తింది మావాళ్లు, పొలంల చల్లింది మావాళ్లు. పండిన పంట పట్టేదారుది. పెంటకుప్ప ఎంత పెద్దగుంటే ఆ ఇల్లు అంత కలిగిన ఇల్లని చెప్పుకునేటోళ్లు. తర్వాత ప్లాస్టిక్ కవర్లొచ్చినయ్. గుట్కా పాకెట్లు, షాంపూ పాకెట్లు వచ్చినయ్. మురగని, పొలానికి పనికిరాని చెత్త వచ్చింది. అప్పుడు కుప్ప ఊరి నడుమ నుంచి జరిగి జరిగి మా వాడ అంచుకొచ్చి ఆగింది. విలువున్నన్నాళ్లు అది ఆసామిది. విలువ పోయినంక మాది. చెత్తకు కులం లేదనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలె.

మా తాత లంద పెట్టేటోడు. ఊళ్లె ఎద్దు చచ్చినా బర్రె చచ్చినా కబురు మా వాడకే. ఈడ్చుకపోయి తోలు తీసి, సున్నంల నానబెట్టి వెంట్రుకలు ఊడగొట్టి, తంగేడు చెక్క నీళ్లల్ల ఊరబెట్టి, చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు చేసేటోళ్లు. ఊరు వద్దని పారేసినదాన్ని ఊరికి కావాల్సిన వస్తువు చేసి తిరిగిచ్చిన్రు. రీసైక్లింగ్ అని ఇయ్యాల పెద్ద పెద్ద సదస్సులు పెట్టి చెప్పే విద్య అదే. ఆ విద్యకు సర్టిఫికెట్ ఇచ్చినోడు లేడు. పైగా వాసనొస్తున్నవని దూరం నిలబెట్టిన్రు. ఆ బొక్కెనతోని తోడిన నీళ్లు పొలానికి పారితే తప్పులేదు, బొక్కెన కుట్టినోడు బాయి ముట్టుకుంటే మైల.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మా పని గొప్పదని మేం చెప్పుకోంగనే, "అంత గొప్పదైతే మీరే చెయ్యండి" అనేవాళ్లు తయారుగా ఉంటారు. ఇది కొత్త మాట కాదు. గాంధీ తనే చీపిరి పట్టిన మనిషి. 1901లో కలకత్తా కాంగ్రెస్ సభల్లో మరుగుదొడ్డి తనే శుభ్రం చేశారు. ఆశ్రమంలో అందరికీ ఆ పని పెట్టారు. అది చిన్న విషయం కాదు. అయితే 1936లో 'హరిజన్' పత్రికలో ఆదర్శ భంగీ ఎట్లా ఉండాలో ఆయనే రాశారు. ఆదర్శ జమీందారు బెంగ లేకుండా బతుకుతుంటే, ఆదర్శంగా ఉండాల్సిన భారం పాకీవాడి మీద పడింది. అంబేద్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారో లెక్క తీసిన పుస్తకంలో ఈ పొగడ్తనే పట్టుకున్నారు. పని మానేసినా పోని పేరు అది, పుట్టుకతో వచ్చిన పేరు అని చూపించారు. అట్లాంటి పేరు మోస్తున్నవాడికి పని పవిత్రమని చెప్పడం ఓదార్పు కాదు, సంకెల. అంతకు చాలా ముందే, 1927లో మహద్‌లో, చచ్చిన పశువులను మోసే పని మానుకోమని ఆయన మనవాళ్లకు చెప్పి ఉన్నారు.

2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను బండికి కట్టి కొట్టారు. దానికి జవాబుగా సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన పశువులను తెచ్చి కలెక్టరాఫీసు ముందర పడేశారు. ఎత్తం, మీరే ఎత్తుకోండి అన్నారు. నా దృష్టిలో చెత్త మీద మన దేశంలో జరిగిన గొప్ప నీతిపాఠం అది. ఎవరైతే తీయడం ఆపేస్తారో అప్పుడే అది ఎవరిదో తేలుతుంది. 2015 జూలైలో మన రెండు రాష్ట్రాల్లో మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు కూడా అదే తేలింది. కొద్దిరోజులకే పట్నాలు ముక్కు మూసుకున్నాయి. ముక్కు మూసుకున్నవాళ్లు జీతం సంగతి అడగలేదు, సమ్మె ఎప్పుడు ఆపుతరని అడిగారు.

ఇప్పుడు బడికి రండి.

నేను చదివిన బడిలో శనివారం శుభ్రత దినం. పనులు పంచేటప్పుడు సారు పేర్లు పిలిచే పద్ధతి ఒకటుండేది. ఊళ్లె పిల్లలకు బోర్డు మీద సూక్తి రాయడం, పూలమొక్కలకు నీళ్లు పొయ్యడం. మా వాడ పిల్లలకు వరండా ఊకుడు, మూత్రశాల కడుగుడు. ఏ కాగితం మీదా మా కులం పేరు పెట్టి ఈ పని వీళ్లదని రాయలేదు. రాయాల్సిన అవసరం లేకుండానే అందరికీ తెలిసింది. పాఠ్యపుస్తకంలో అంటరానితనం నేరమని పదిహేడో అధికరణం చదివించిన సారే చీపిరి ఇటు చూపించేటోడు. మేం ఊకిన వరండాల కూర్చొని వాళ్లు పరీక్షలు రాసిన్రు.

మా అవ్వ పనిచేసిన కాలేజీల ప్రతి గదికి ఒకటే డబ్బా. దాంట్లనే అన్నీ. తిన్న మిగులు, చాయ గ్లాసులు, చాక్‌పీస్ ముక్కలు, ఆడపిల్లల గదిల వాడిన ప్యాడ్లు, కెమిస్ట్రీ ల్యాబుల పగిలిన గాజు. ఒకనాడు డబ్బా గుమ్మరించి చేత్తో సర్దుతుంటే పగిలిన టెస్ట్‌ట్యూబ్ ముక్క అవ్వ బొటనవేలు సందుల దిగింది. దానికంటిన మందేమిటో తెల్వదు, చెయ్యి మోచేతి దాకా వాచింది. పదకొండు రోజులు పనికి పోలేదు. ఆ పదకొండు రోజుల జీతం కోసిన్రు. ఎవరు పడేసిన్రని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ పడెయ్యలేదు. డబ్బాల పడితే అది ఎవరిదీ కాదు. డబ్బా అనేది ఒక మాయపెట్టె. మన చేతుల్లోంచి వస్తువు పోంగనే మన పాపం కూడ పోయిందనిపిస్తది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగ మడత పడదు. అన్నం ముద్ద మూడు వేళ్లతోనే చేసుకుంటది.

అప్పటినుంచి నాకు ఒక సంగతి అర్థమయింది. పారేయడం కన్నా పెద్ద నేరం కలపడం. మన సమాజం కలవడానికి ఎంత భయపడుతుందో మీకు తెలుసు. బువ్వ కలవనియ్యరు, నీళ్లు కలవనియ్యరు, పెండ్లిళ్లు కలవనియ్యరు. 1985 జూలై 17న కారంచేడులో అన్నిప్రాణాలు పోవడానికి మొదలు, మాదిగలు తాగే చెరువునీళ్లల్ల పశువుల మురికి కలపొద్దని అడ్డం చెప్పడమే. ఇంత శుద్ధీ, ఇంత మడీ ఉన్న సమాజం చెత్తడబ్బా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏదీ వేరుచెయ్యదు. పాసిన అన్నం, నెత్తురు గుడ్డ, బ్లేడు, సూది అన్నీ ఒకటే దాంట్ల కలుపుతది. ఎందుకు? వేరుచేసే చేతులు వేరే ఉన్నయన్న ధీమా. తను కలిపింది ఇంకొకరు చేత్తో విడదీస్తరని తెలిసి కలపడం మరుపు కాదు, బద్ధకం కాదు, అది అంటరానితనమే. ముట్టుకోకుండా పాటించే అంటరానితనం.

హాస్టళ్లల్ల ఇంకో రకం. డబ్బాల వేయడానికి సిగ్గుపడి ప్యాడ్లు, కవర్లు టాయిలెట్ల వేస్తరు. పైపు జామవుతది. అప్పుడు వార్డెన్ ఫోన్ చేసి పిలిపించే మనిషి ఎవరు? ఆ గుంతలోకి దిగేది ఎవరు? చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొక చట్టం వచ్చాయి. కోలార్ బంగారు గనులకు వలసపోయిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన తోటివాళ్లు ఈ చట్టాలు అమలు కావాలని ఏళ్లకేళ్లు కొట్లాడారు. మురుగుగుంతల్లో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చావు ధర పెరిగింది. దిగడం ఆగలేదు. హాస్టల్ గదిలో చదువుకునే బిడ్డ పైపులో వేసిన ఒక కవరుకు, ఆ గుంతలో దిగిన మనిషి ఊపిరికి నడుమ ఉన్న దూరం ఒక్క పైపు పొడుగే.

నియమాలు లేక కాదు. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను పుట్టించినవాళ్లే మూడు రకాలుగా వేరుచేయాలని చెప్పాయి. మురిగేది ఒకటి, మురగనిది ఒకటి, ఇండ్లల్ల వచ్చే ప్రమాదకరమైనది ఒకటి. ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వాలన్నాయి. కాల్చొద్దు, పూడ్చొద్దు అన్నాయి. ఐదువేల చదరపు మీటర్లకు మించిన స్థలమున్న సంస్థలు మురిగే చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలన్నాయి. మన కాలేజీలు చాలావాటికి అంతకన్నా ఎక్కువ జాగా ఉంది. మరేం జరుగుతుంది? నాక్ బృందం వస్తున్నదంటే రంగురంగుల డబ్బాలు కొంటరు. డబ్బాల మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటయ్, ఊకే అక్కకు చదవరాదు. ఫొటో తీసి రిపోర్టులో పెడతరు. రిపోర్టులో డబ్బా ఉంటది, డబ్బా ఎత్తే మనిషి ఉండదు. బృందం వెళ్లిన తెల్లారి వెనక గోడ దగ్గర ఎండుటాకులు, ప్లాస్టిక్ కలిపి మళ్లా తగలబెడతరు. గోడ అవతల ఎవరి ఇండ్లున్నయో ఎక్కి చూడండి.

2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పటినుంచి మా కాలేజీలో కూడా చీపిర్ల పండుగ జరుగుతున్నది. ఒక ఏడు నా క్లాసులోని ఒక పిలగాడు చీపిరి పట్టనన్నడు. "మా అమ్మ మున్సిపాలిటీల ఊకుతది మేడం. నీ చేతికి చీపిరి రావద్దనే చదివిస్తున్న బిడ్డా అంటది. ఇప్పుడు ఫొటో కోసం పట్టుకుంటే ఆమె మొఖం ఎట్ల చూడాలె?" అన్నడు. ఇంకో పిలగాడు, భూమి ఉన్న ఇంటివాడు, చెడ్డవాడేం కాదు, లేచి అడిగిండు: "మేం పడుతున్నం గదా మేడం. మాకు లేని నామోషీ వానికెందుకు? అందరం సమానమంటే అందరం ఊకాలె గదా?"

రెండూ న్యాయమైన మాటల్లాగే వినపడతాయి. నేను ఆ రోజు వాళ్లకు చెప్పింది ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తాను.

చీపిరి ఒకటే. ఇద్దరి చేతుల్లో దాని బరువు ఒకటి కాదు. ఒకడు పడితే వినయం అంటరు, పేపర్లో వేస్తరు. ఇంకొకడు పడితే "వాళ్లకు అలవాటే" అంటరు. ఒకడు సాయంత్రం కింద పెడతడు. ఇంకొకనికి అది ఇంట్ల మూలకు నిలబడి ఎదురుచూస్తున్నది. కనుక ఆ పిలగాడు కాదనడం పనిని తక్కువ చేయడం కాదు. తల్లి మాట నిలబెట్టడం. అయితే రెండో పిలగాని ప్రశ్నలో కూడా నిజముంది. సమానత్వం అంటే ఏదో ఒక పని అందరికీ ఉండాలె. అది ఏ పని?

ఇక్కడ మనం రెండు పనులను ఒకటిగా చూస్తున్నాం. నా చెత్త నేను చూసుకోవడం ఒక పని. ఊరందరి చెత్త ఎత్తడం ఇంకో పని. మొదటిది ధర్మం. దానిలో ఎవరికీ మినహాయింపు లేదు, నాకు లేదు, ప్రిన్సిపాల్‌కు లేదు, ఆ పిలగానికీ లేదు. నేను తిన్నదాని తొక్క, నేను వాడిన ప్యాడ్, నేను పగలగొట్టిన గాజు నా చేతి నుంచే వేరుగా పోవాలె. రెండోది నౌకరీ. నౌకరీకి జీతముండాలె, గ్లవ్స్, బూట్లు ఉండాలె, సెలవుండాలె, పర్మనెంట్ కావాలె. దాన్ని సేవ అని విద్యార్థుల చేత, పుట్టుక అని దళితుల చేత ఊరికే చేయించుకోవద్దు. మన దేశంలో జరిగిన మోసమల్లా మొదటి పనిని రద్దుచేసి, రెండో పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, దానికి ధర్మం అని పేరు పెట్టడం. ఆ పిలగాడు విని, "నాదైతే నేనే తీస్త మేడం, ఊరిది తియ్య" అన్నడు. అంతకన్నా బాగ నేను చెప్పలేను.

ఇంతటితో అయిపోలేదు. మా కాలేజీల ఊకే అక్క ఒకామె నన్ను పక్కకు పిలిచి అడిగింది. "పిల్లలతోనే అన్ని చేపిస్తే ఏజెన్సోడు మమ్ముల తీసేస్తడు గద మేడం. సీసలు, అట్టలు అమ్ముకుంటే నాలుగు పైసలొస్తున్నయ్. వేరుచేసి పెడితే అవి గూడ కాలేజే అమ్ముకుంటదా?" పర్యావరణం మీద ఉపన్యాసాలిచ్చే ఎవరినోటా నేను ఈ ప్రశ్న వినలేదు. చెత్తకు మళ్లా విలువ వస్తే అది మళ్లా ఆసామి చేతికి పోతదేమో అని ఆమె భయం. పెంటకుప్ప లెక్క ఆమెకు ఎవరూ నేర్పకుండానే వచ్చు. కాబట్టి శుభ్రమైన క్యాంపస్ అనే మాటకు ముందు రెండు షరతులు పెట్టాలె. వేరుచేసినందువల్ల ఒక్క మనిషి నౌకరీ పోవద్దు. పొడిచెత్త మీద వచ్చే పైస ఎత్తినవాళ్లకే చెందాలె. ఈ రెండు లేకుండా చేసే పచ్చదనం మా కడుపు మీద నాటిన మొక్క.

మేం మొదలుపెట్టింది చిన్నగానే. గదికి రెండు డబ్బాలు, తెలుగు అక్షరాలు, బొమ్మలు. ప్యాడ్లు కాగితంలో చుట్టి ఎర్రసిరా గీత పెట్టి విడి డబ్బాలో. ల్యాబ్ గాజుకు మూతున్న అట్టపెట్టె. క్యాంటీన్‌లో స్టీలు పళ్లాలు, స్టీలు గ్లాసులు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి నిషేధమైనా మా దగ్గర నడుస్తూనే ఉండేవి. డబ్బాలు సరిచూసే వంతు రోల్ నంబర్ల ప్రకారం, లెక్చరర్లతో సహా. జాబితాలో మొదటి పేరు ప్రిన్సిపాల్‌ది ఉండాలని విద్యార్థులు పట్టుబట్టారు. మూడు నెలలు నానబెట్టి ఒప్పుకున్నరు.

ఎరువుగుంత మొదటిసారి కంపు లేసింది. బోటనీ సారు పుస్తకం తీసిండు. నేను ఇంటికొచ్చి అవ్వను అడిగిన. "పచ్చిదే వేస్తే కుళ్లుతది బిడ్డా. ఒక పొర పచ్చిది, ఒక పొర ఎండాకు, మీదికెళ్లి పేడనీళ్లు. వారానికోసారి తిరగెయ్యాలె, లోపటికి గాలి పోవాలె. పిడికిట్ల పట్టి పిండితే తడి తగలాలె గని నీళ్లు కారొద్దు" అని చెప్పింది. పుస్తకంలో కూడ అదే ఉంది. అన్నాళ్లు మేం తగలబెట్టిన ఎండుటాకులే గుంతకు మందు. రెండు నెలలు దాటేసరికి మట్టివాసనొచ్చింది. అవ్వకు సన్మానం చేద్దామన్నరు. అవ్వ వద్దన్నది. "శాలువ ఎందుకు, నా కోసిన జీతమిప్పియ్యమను" అన్నది.

అన్నీ సక్కగయినయని చెప్పను. మేం వేరుచేసినదాన్ని మున్సిపల్ ట్రాక్టర్ వచ్చి ఒకటే తొట్టెల బోర్లిస్తది. అక్కడినుంచి అది పోయే డంపింగ్ యార్డు ఎవరి బస్తీ పక్కనుంటదో మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ చెత్త ఏళ్లకేళ్లు జవహర్‌నగర్ చేరింది. అక్కడి జనం ఆ వాసన మీద, పాడైన నీళ్ల మీద ఏళ్లకేళ్లు కొట్లాడుతూ వచ్చారు. పట్నం శుభ్రమైందంటే మురికి పోయినట్టు కాదు, పేదల దగ్గరికి చేరినట్టు. కాలేజీ గేటు దగ్గర మన బాధ్యత ఆగిపోతే మనం కూడా గడప లోపల ఊకి బజార్ల పోసే పాత ఇంటి పద్ధతే పాటించినట్టు. ట్రాక్టర్ ఎక్కడికి పోతున్నదో దానివెంట పోయి చూడండి. మున్సిపాలిటీని అడగండి. అది కూడ చదువే.

ఈ పుస్తకం చదివే విద్యార్థులకు, సంఘాలల్ల పనిచేసే తమ్ములకు, చెల్లెండ్లకు నాదొక మాట. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ధర్నా చేస్తం, స్కాలర్‌షిప్ మీద చేస్తం, చెయ్యాలె. ధర్నా అయిపోయినంక ఆ జాగల పడ్డ వాటర్ పాకెట్లు, కరపత్రాలు, పులిహోర ప్లేట్లు ఎవరు తీస్తున్నరో ఎనకకు తిరిగి చూసిన్రా? అంబేద్కర్ జయంతి నాడు ఆయన విగ్రహం చుట్టూ వాడిన దండలు తెల్లారి ఎత్తేది ఎవరు? ఆత్మగౌరవం మైకులో ఎంత ఉన్నదో, మైకు ఆపినంక నేలమీద కూడ అంత ఉండాలె.

ఏజెన్సీ రద్దు చేసి ఊకేవాళ్లను పర్మనెంట్ చేయాలని మీ డిమాండ్ల పత్రంలో మొదటి వరుసలో రాయండి. ఆ పోస్టులకు అన్ని కులాల నుంచి మనుషులు రావాలని రాయండి. జీతం మంచిగుంటే వస్తరు, రాకపోతే ఎందుకు రాలేదో ఆ కులాలనే జవాబు చెప్పమనండి. ఆమెకు ఒక పేరుంది, దాన్ని తెలుసుకోండి. పోయిన నెల జీతం వచ్చిందో లేదో అడగండి. మీ చేతిల ఉన్న గ్లాసు ఆమె చేతికి పోయేముందు, అది ఏ డబ్బాల పడాలెనో మీరే తేల్చి వేయండి.